చిన్న విడిభాగం - పెద్ద విమానం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని కబురు వచ్చినప్పుడు మా బ్యాచ్ మిత్రులం నలుగురం కూర్చుని ఆలోచించాం. కవితలు, హాస్టల్ జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మాలో ఇద్దరం ఐటిఐలో ఫిట్టరు, ఇద్దరం డిప్లొమాలో మెకానికల్ చదివాం. కాబట్టి మాకు తెలిసిన ఇనుము, యంత్రం గురించే ఒక పాఠం రాద్దామనుకున్నాం. సైనిక రవాణా విమానాలకు విడిభాగాలు ఎక్కడి నుంచి వస్తాయి, రాకపోతే ఏమవుతుంది, తప్పుడువి వస్తే ఏమవుతుంది అన్నదే ఈ పాఠం. మాలో విమానం నడిపినవారు ఎవరూ లేరు. అయినా ఈ కథ మనందరికీ ఎందుకు కావాలో చివరికి మీకే తెలుస్తుంది.

ముందుగా మన హాస్టల్ మోటారు సంగతి చెబుతాం.

మోటారు నేర్పిన పాఠం

మేం పదో తరగతి చదివే ఏడాది, సరిగ్గా పరీక్షల ముందు, నీళ్ల మోటారు గరగరమనడం మొదలుపెట్టింది. మెకానిక్ వచ్చి విప్పి చూసి బేరింగ్ పోయిందన్నాడు. టౌనుకు వెళ్లి కొత్త బేరింగ్ తెచ్చి వేశారు. మోటారు తిరిగింది, ట్యాంకు నిండింది, అందరం కేకలు పెట్టాం. నాలుగో రోజు పొద్దున్నే మోటారు నుంచి పొగ వచ్చింది. ఈసారి బేరింగుతో పాటు వైండింగ్ కూడా కాలిపోయింది. బేరింగును చేతిలో తిప్పి చూసి మెకానిక్ అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తుంది: "పెట్టె కంపెనీదే బాబూ, లోపలి సరుకే కాదు."

రీవైండింగ్ అయ్యి మోటారు తిరిగి వచ్చేదాకా పక్క పొలం బావి నుంచి బకెట్లతో నీళ్లు మోసుకున్నాం. ఒక చేతిలో బకెట్, ఇంకో చేతిలో సోషల్ నోట్సు. మాలో కొందరికి ఆ ఏడాది మార్కులు తగ్గడానికి ఆ డూప్లికేట్ బేరింగ్ కూడా ఒక కారణమే.

బేరింగ్ పోతే వైండింగ్ ఎందుకు కాలింది? మోటారు లోపల తిరిగే భాగం రోటరు. దాని చుట్టూ కదలకుండా ఉండేది స్టేటరు. రెండింటి మధ్య చాలా సన్నని సందు మాత్రమే ఉంటుంది. ఆ సందును కాపాడేది బేరింగే. అది అరిగితే రోటరు పక్కకు జరిగి స్టేటరును రాసుకుంటుంది. వేడి పుడుతుంది, తీగల పూత కాలిపోతుంది. అంటే కొద్దిపాటి డబ్బులకు దొరికే భాగం చెడితే వేల రూపాయల భాగం పోతుంది. ఈ సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి. విమానంలోనూ ఇదే జరుగుతుంది. తేడా ఒక్కటే. మోటారు చెడితే ఉన్నచోటే ఆగుతుంది. విమానానికి గాలిలో ఆగే వీలు లేదు.

రవాణా విమానం ఏం చేస్తుంది?

సైనిక విమానం అనగానే మనకు యుద్ధ విమానాలే గుర్తొస్తాయి. పేపర్లో ఫోటోలు కూడా వాటివే వస్తాయి. కానీ రోజూ ఎక్కువ చాకిరీ చేసేవి రవాణా విమానాలు. జవాన్లను, బియ్యం, పప్పు, కిరోసిన్, మందులను, గాయపడినవాళ్లను మోసేవి ఇవే. లదాఖ్‌లో, ఈశాన్య రాష్ట్రాల కొండల్లో రోడ్లు మూసుకుపోయే చోట్ల ఇవి రాకపోతే పొయ్యి వెలగదు. వరదలు, భూకంపాలు వచ్చినప్పుడు ముందుగా దిగేవీ ఇవే.

మన వాయుసేనలో ఈ పని ఎక్కువ కాలంగా మోస్తున్నది ఏఎన్-32. దీన్ని తయారుచేసింది ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని ఆంటొనోవ్ సంస్థ. అప్పుడు ఉక్రెయిన్ సోవియట్ యూనియన్‌లో భాగం. ఎండ మండే చోట్ల, గాలి పలచగా ఉండే ఎత్తైన చోట్ల కూడా ఎగరాలన్నది మన దేశం అవసరం. అందుకే దీనికి 5,000 హార్స్ పవర్‌కు పైగా శక్తి ఉన్న రెండు ఇంజన్లు పెట్టారు. అంత శక్తికి తగ్గట్టు ప్రొపెల్లర్లు పెద్దవి కావడంతో, అవి నేలకు తగలకుండా ఇంజన్లను రెక్కల పైన అమర్చారు. 1984లో ఇది మన వాయుసేనలో చేరింది. సుమారు ఆరున్నర టన్నుల బరువు మోస్తుంది. 2008 మే 31న లదాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో, 16,000 అడుగులకు పైగా ఎత్తులో ఉన్న మట్టి రన్‌వే మీద దిగింది కూడా ఏఎన్-32నే.

విడిభాగాలు, వాటి ఆయుష్షు

విమానంలో ప్రతి భాగానికీ ఒక ఆయుష్షు ఉంటుంది. దాన్ని లెక్కించే పద్ధతులు ముఖ్యంగా మూడు.

మొదటిది గంటల లెక్క. ఇంజను, ప్రొపెల్లర్ వంటివి ఇన్ని గంటలు తిరిగాక విప్పి, ప్రతి ముక్కనూ శుభ్రం చేసి, పరీక్షించి, అరిగినవి మార్చి మళ్లీ బిగించాలి. దీన్నే ఓవర్‌హాల్ అంటారు.

రెండోది సార్ల లెక్క. చక్రాలు, బ్రేకులు, చక్రాల కాళ్లు ఎన్ని గంటలు ఎగిరాయన్నది కాదు, ఎన్నిసార్లు నేలను గుద్దుకుంటూ దిగాయన్నది ముఖ్యం.

మూడోది తేదీల లెక్క. రబ్బరు సీలులు, గొట్టాలు వాడకపోయినా ముసలివవుతాయి. స్టోరులో పెట్టెలో ఉన్నా వాటి గడువు నడుస్తూనే ఉంటుంది. మన ట్రంకు పెట్టె అడుగున దాచుకున్న రబ్బరు బ్యాండ్లు వేసవి సెలవుల తర్వాత తీస్తే పుటుక్కున తెగినట్టే.

ఇవి కాక, గడువుతో పని లేకుండా పరీక్షించి, బాగుంటేనే ఉంచే భాగాలూ ఉన్నాయి. ఏ భాగానికి ఏ లెక్క వర్తిస్తుందో విమానం తయారుచేసినవాళ్లు పుస్తకంలో రాసి ఇస్తారు. ఆ పుస్తకాన్ని దాటి పోవడానికి ఎవరికీ అధికారం లేదు.

టి.సి. లేని విద్యార్థి

మీలో ఎవరైనా టి.సి. లేకుండా కొత్త స్కూల్లో చేరడానికి వెళ్లారా? ఎంత బాగా చదివేవాడైనా కాగితం లేకపోతే బయటే నిలబడాలి. విమాన విడిభాగానికీ అంతే. ప్రతి రకానికి ఒక పార్ట్ నంబరు, ముఖ్యమైన ప్రతి ముక్కకు విడిగా ఒక సీరియల్ నంబరు ఉంటాయి. దాంతోపాటు ఒక లాగ్ కార్డు. ఎక్కడ తయారైంది, ఏ విమానంలో ఎన్ని గంటలు తిరిగింది, ఎప్పుడు విప్పారు, ఏం మార్చారు, ఎవరు చేశారు, ఎవరు తనిఖీ చేశారు, అన్నీ అందులో సంతకాలతో ఉండాలి. కార్డు పోతే తళతళ మెరిసే కొత్త ముక్క అయినా తుక్కు కిందే లెక్క. దాని వయసెంతో చెప్పగలిగేవాడు లేడు మరి.

ఇంత పట్టింపు ఎప్పుడూ ఉందా అంటే, లేదు. 1941లో చైనాలో జరిగిన ఒక సంఘటన వైమానిక చరిత్రలో బాగా పేరుపొందింది. జపాన్ బాంబులకు ఒక డిసి-3 విమానం కుడి రెక్క ధ్వంసమైంది. మన వాయుసేనలో కూడా పనిచేసిన డకోటా ఈ డిసి-3కి సైనిక రూపమే. దానికి సరిపోయే రెక్క దగ్గర్లో దొరకలేదు. హాంకాంగ్‌లో అంతకంటే చిన్న రకమైన డిసి-2 రెక్క ఒకటి ఉంది. దాన్ని ఇంకో విమానం పొట్టకు కట్టి తెచ్చి బిగించారు. ఒక రెక్క రెండోదానికంటే సుమారు 5 అడుగులు పొట్టి. అయినా ఎగిరి గమ్యం చేరింది! దాన్ని అందరూ సరదాగా 'డిసి-రెండున్నర' అన్నారు. యుద్ధం మధ్యలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేసిన సాహసం అది. రోజువారీ పనికి అది పద్ధతి కాదు.

ఒక చిన్న లెక్క

లెక్కల మాస్టారికి నచ్చే సంగతి ఇది. ఒక విమానం ఎగరాలంటే 100 రకాల విడిభాగాలు సిద్ధంగా ఉండాలి అనుకుందాం. ఒక్కో భాగం 99 శాతం సార్లు స్టోరులో దొరుకుతుంది. 99 అంటే డిస్టింక్షన్ మార్కులు కదా! కానీ వందా ఒకేసారి దొరికే అవకాశం ఎంత? 0.99ని వందసార్లు గుణించాలి. క్యాలిక్యులేటర్ మీద చేసి చూడండి, సుమారు 0.37 వస్తుంది. అంటే మూడుసార్లలో దాదాపు రెండుసార్లు ఏదో ఒక భాగం లేక విమానం నేల మీదే ఉంటుంది. అదే ఒక్కో భాగం 99.9 శాతం సార్లు దొరికితే ఆ అవకాశం 0.90కి పెరుగుతుంది.

ఒక భాగం లేక విమానం నిలబడిపోతే ఏం చేస్తారు? ఒక్కోసారి పక్కన నిలబడి ఉన్న మరో విమానం నుంచి విప్పి దీనికి బిగిస్తారు. మూడో నంబరు గదిలో ఫ్యాను రెగ్యులేటరు తీసి ఐదో నంబరు గదిలో పెట్టినట్టు. అత్యవసరంలో తప్పదు. కానీ ఒకసారి చేసే పని రెండుసార్లవుతుంది, విప్పేటప్పుడు, బిగించేటప్పుడు దెబ్బ తగిలే ప్రమాదం కూడా రెట్టింపవుతుంది. అలా భాగాలన్నీ ఇచ్చేసిన విమానం చివరికి అస్థిపంజరంలా మిగులుతుంది.

అమ్మిన దేశమే లేకుండా పోతే?

ఇప్పుడు ఏఎన్-32 కథకు తిరిగి వద్దాం. మనం దీన్ని కొన్నది సోవియట్ యూనియన్ నుంచి. ఆ దేశంలో ఒక విమానం భాగాలు ఒకే ఊళ్లో తయారయ్యేవి కావు. విమానం కీవ్‌లో, ఇంజను జపోరిజియా నగరంలో, ఇంకా ఎన్నో పరికరాలు రష్యాలోని కర్మాగారాల్లో. అంతా ఒకే ఇల్లు అన్నట్టు ఉండేది. 1991లో ఆ ఇల్లు విడిపోయింది. మనకు విమానాలు అమ్మిన దేశమే పటం మీద లేకుండా పోయింది. అమ్మకందారు ఒకరు పోయి ఇద్దరు ముగ్గురయ్యారు.

విమానాలు పాతబడ్డాయి. 2009 జూన్‌లో మన ప్రభుత్వం ఉక్రెయిన్‌తో సుమారు 40 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 105 ఏఎన్-32 విమానాలను ఆధునికం చేసి, వాటి ఆయుష్షును 25 ఏళ్ల నుంచి 40 ఏళ్లకు పెంచాలన్నది పని. అందులో 40 విమానాలను ఉక్రెయిన్‌లోనే బాగుచేయాలి. మిగతావి అక్కడి నుంచి వచ్చే సామగ్రితో మన కాన్పూర్‌లోని వాయుసేన మరమ్మతు కేంద్రంలో చేయాలి. 2011లో మొదటి విడత విమానాలు తిరిగి వచ్చాయి. పని సాగుతోంది.

2014లో రష్యా క్రిమియాను ఆక్రమించింది. రష్యా, ఉక్రెయిన్‌ల మధ్య రక్షణ వ్యాపారం తెగిపోయింది. ఒకప్పుడు ఒకే ఇంట్లో తయారైన భాగాలు ఇప్పుడు పోట్లాడుకునే రెండిళ్లలో ఉన్నాయి. కాన్పూర్‌కు రావలసిన సామగ్రి ఆలస్యమైంది, పని నెమ్మదించింది. 2022 ఫిబ్రవరిలో పూర్తి యుద్ధమే మొదలైంది. ఇంజన్లు తయారయ్యే జపోరిజియా నగరం మీద క్షిపణులు పడ్డాయి.

ఇందులో మన దేశం తప్పు ఏముంది? యుద్ధం మనది కాదు. గొడవ మనది కాదు. అయినా మన కొండల్లో జవానుకు బియ్యం చేరడం ఎక్కడో ఉన్న ఒక కర్మాగారం మీద ఆధారపడింది. విమానం కొన్నంత మాత్రాన అది మన సొంతమైనట్టు కాదు. దాని చివరి విడిభాగం వరకు మనం చేసుకోగలిగిన రోజునే అది నిజంగా మన సొంతం.

ఈ విమానాల గురించి రాస్తూ ఒక విషాదాన్ని తలచుకోకుండా ఉండలేం. 2016 జులై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయలుదేరిన ఏఎన్-32 బంగాళాఖాతం మీద కనిపించకుండా పోయింది. అందులో 29 మంది ఉన్నారు. వాళ్లలో 8 మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున దాని శకలాలు బయటపడ్డాయి. ఆ ప్రమాదానికి విడిభాగమే కారణమని ఎవరూ తేల్చలేదు, మేమూ అనడం లేదు. కానీ విమానం అంటే రెక్కలు, ఇంజన్లు మాత్రమే కాదు, లోపల కూర్చున్న మనుషులు, ఇంటి దగ్గర ఎదురుచూసే వాళ్లు అని గుర్తుచేయడానికే ఇది రాశాం.

తుప్పు మచ్చ

విడిభాగం దొరికింది, కాగితం ఉంది, సంతకం ఉంది. అంతటితో అయిపోయిందా? కాదని అమెరికాలో జరిగిన ఒక ప్రమాదం చెబుతుంది.

2017 జులై 10న అమెరికా మెరైన్ దళానికి చెందిన కేసీ-130టి విమానం మిసిసిపి రాష్ట్రం మీదుగా సుమారు 20,000 అడుగుల ఎత్తులో వెళ్తోంది. ఉన్నట్టుండి ఎడమవైపు ఇంజను ప్రొపెల్లర్ నుంచి ఒక బ్లేడు ఊడిపోయింది. అది కత్తిలా విమానం పక్క భాగాన్ని చీల్చుకుంటూ లోపలికి దూసుకుపోయింది. ఆ దెబ్బకు కుడివైపు మరో ఇంజను ప్రొపెల్లర్ కూడా ఊడి విమానం తోకకు తగిలింది. విమానం గాలిలోనే ముక్కలై సోయాబీన్ పొలాల్లో పడింది. అందులో ఉన్న 16 మందీ చనిపోయారు.

2018 డిసెంబరులో విచారణ నివేదిక వచ్చింది. ఆ బ్లేడు లోపలివైపు తుప్పు గుంటలు పడి, వాటి నుంచి పగులు పుట్టి, ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చింది. అదే బ్లేడు 2011లో జార్జియా రాష్ట్రంలోని సైనిక మరమ్మతు కేంద్రంలో ఓవర్‌హాల్ అయింది. అప్పుడే ఆ తుప్పును పూర్తిగా తీసేయాలి, లేదా బ్లేడునే పక్కన పడేయాలి. అది జరగలేదు. తుప్పు మీదే పూత వేసి, బాగుందని పంపేశారు. ఆ పని చేసిందెవరో తేల్చే పత్రాలు కూడా విచారణ నాటికి మిగల్లేదు.

మరమ్మతు అయిన రోజుకూ, విమానం కూలిన రోజుకూ మధ్య ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ పైలట్లు, సిబ్బంది ఆ బ్లేడును నమ్మి ఎగిరారు. వాళ్లు ఆ పనివాణ్ణి ఎప్పుడూ చూడలేదు. అతని సంతకాన్ని మాత్రమే నమ్మారు. 'సాయంత్రమైంది, ఇంకో పది నిమిషాల పని, రేపు చూద్దాం' అని మనం కూడా ఎన్నోసార్లు అనుకుంటాం. ఆ పది నిమిషాల విలువ ఎంతో ఈ ప్రమాదం చెబుతుంది.

పెట్టె కంపెనీదే, సరుకు కాదు

మన మోటారు బేరింగులాంటి మోసం విమానాల దాకా వెళ్తుందా? వెళ్లింది. అమెరికా సెనేట్ సాయుధ సేవల కమిటీ 2012 మేలో ఒక నివేదిక ఇచ్చింది. సైనిక పరికరాల్లోకి నకిలీ ఎలక్ట్రానిక్ భాగాలు చేరినట్టు అనుమానం ఉన్న సందర్భాలు సుమారు 1,800 బయటపడ్డాయి. వాటిలోని భాగాల సంఖ్య పది లక్షలకు పైనే. సి-130జె, సి-27జె రవాణా విమానాల్లో పైలట్ల ముందుండే తెరల్లో కూడా అలాంటి మెమరీ చిప్పులు దొరికాయి. వాటి మూలం చైనాలోని షెన్‌జెన్ నగరం దాకా వెళ్లింది.

ఈ నకిలీ ఎలా తయారవుతుందో తెలుసా? పారేసిన కంప్యూటర్ బోర్డులను మంట మీద వేడిచేసి చిప్పులు ఊడదీస్తారు. కడిగి ఎండబెడతారు. పైన ఉన్న పాత నంబరును గీకేసి, పూత పూసి, కొత్త నంబరు, కొత్త తేదీ ముద్రిస్తారు. చూడటానికి కొత్తదే. కొన్నాళ్లు పనిచేస్తుంది కూడా. ఎప్పుడు ఆగుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకే దళారుల చేతులు మారి వచ్చిన చవక సరుకు కంటే, తయారుచేసినవాడి నుంచి నేరుగా, కాగితంతో వచ్చిన సరుకే మేలు.

మరుగుదొడ్డి మూత పదివేల డాలర్లా?

ఇది చదివి నవ్వుకుంటారు. ఒక పెద్ద రవాణా విమానంలో మరుగుదొడ్డి మూత ఒకటికి 10,000 డాలర్లు చెల్లించామని 2018లో అమెరికా వాయుసేన అధికారి ఒకరు చెప్పారు. వినగానే ఎవరో తినేశారనిపిస్తుంది. నిజంగా తినేసే సందర్భాలూ ఉంటాయి, కాబట్టి లెక్క అడగాల్సిందే. కానీ ఇక్కడ ఇంకో కారణం కూడా ఉంది. ఆ విమానం తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మూతలు చేసే అచ్చులు లేవు. ఒక్క మూత కోసం అచ్చు కొత్తగా చేయాలి, మనిషిని పెట్టాలి, పరీక్షించాలి. వెయ్యి మూతల మీద పంచుకోవలసిన ఖర్చంతా ఒక్క మూత మీద పడింది. మన వంటమాస్టారు ఒక్కడి కోసం సాంబారు కాచినా పొయ్యి వెలిగించక తప్పదు కదా!

దానికి వాళ్లు ఒక దారి కనుక్కున్నారు. పాత భాగాన్ని కొలిచి, కంప్యూటర్‌లో బొమ్మ గీసి, త్రీడీ ప్రింటర్ మీద సుమారు 300 డాలర్లకే మూత తీశారు. అయితే మూతకు చెల్లింది బ్లేడుకు చెల్లదు. ప్రాణాలు ఆధారపడే భాగం ఏ పద్ధతిలో చేసినా దాని లోహం, బలం, అలసట అన్నీ పరీక్షల్లో నెగ్గాలి. మన దేశంలో సైనిక విమానాల భాగాలకు ఆ అనుమతి ఇచ్చేది బెంగుళూరులోని సెమిలాక్ అనే డిఆర్‌డివో సంస్థ.

మన చేతుల్లో ఏముంది?

ఇక్కడ మనం గర్వపడే సంగతులు ఉన్నాయి. సి-130జె విమానాలను అమెరికాలోని మారియెట్టాలో కూరుస్తారు. వాటి తోక భాగాలు మన హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో, టాటా - లాక్‌హీడ్ మార్టిన్ ఉమ్మడి కర్మాగారంలో తయారై వెళ్తున్నాయి. ముసలివైన ఆవ్రో విమానాల స్థానంలో 56 సి-295 విమానాల కోసం 2021 సెప్టెంబరులో ఒప్పందం జరిగింది. 16 స్పెయిన్ నుంచి, 40 గుజరాత్‌లోని వడోదరలో. వడోదరకు వెళ్లే పెద్ద పెద్ద భాగాలను తయారుచేసే పని హైదరాబాద్‌కు దక్కింది. విమాన ఇంజన్లకు పనికొచ్చే టైటానియం మిశ్రమాలు, వేడిని తట్టుకునే ప్రత్యేక లోహాలు చేసే మిధాని సంస్థ 1973 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. రక్షణ రంగంలో దిగుమతి చేసుకుంటున్న భాగాల జాబితాలను చూపించి 'ఇవి మీరు చేయగలరా?' అని మన పరిశ్రమలను అడగడానికి 2020లో ప్రభుత్వం సృజన్ అనే పోర్టల్ తెరిచింది.

కానీ కర్మాగారం గేటు దగ్గరికి వెళ్తే వాళ్లు ఏం అడుగుతారో మాకు అనుభవం. 'మైక్రోమీటర్ చదవడం వచ్చా? డ్రాయింగ్ చూసి చెప్పగలవా? టాలరెన్స్ అంటే ఏమిటి?' మిల్లీమీటరులో వందో వంతు తేడాను పట్టుకునే కన్ను, ఓపిక కావాలి. అది ఎవరి ఇంట్లోనూ వారసత్వంగా రాదు. ప్రాక్టికల్ క్లాసులో ఫైలు పట్టి గంటల తరబడి రాకిన చేతికే వస్తుంది.

కాబట్టి తమ్ముళ్లారా, పది తర్వాత ఐటిఐలో ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు అంటే చిన్నతనంగా చూడకండి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరితే, తర్వాత ఈసెట్‌తో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంటర్ ఎంపిసి చదివినవాళ్లకు విమానాల నిర్వహణ కోర్సులు, వాయుసేన చేరికలు ఉన్నాయి. 2022 నుంచి వాయుసేనలో ఆ చేరికలు అగ్నివీర్ వాయు పద్ధతిలో నాలుగేళ్లకే జరుగుతున్నాయని, ఆ తర్వాత నాలుగో వంతు మందికి మించి కొనసాగించరని ముందే తెలుసుకుని నిర్ణయించుకోండి. నోటిఫికేషన్ స్వయంగా చదవండి. దళారి చెప్పింది నమ్మితే మన జీవితంలోకి కూడా డూప్లికేట్ బేరింగే వస్తుంది.

చివరిగా

మేం తెలుసుకున్నది మూడు మాటల్లో చెబుతాం. విడిభాగం అంటే లోహపు ముక్క ఒక్కటే కాదు. ఆ ముక్క, దాని వెనుక నిజమైన చరిత్ర, దాన్ని మళ్లీ తయారుచేయగల చెయ్యి, ఈ మూడూ కలిస్తేనే విడిభాగం. ఉక్రెయిన్ యుద్ధంలో చెయ్యి దూరమైంది. షెన్‌జెన్ చిప్పుల్లో చరిత్ర అబద్ధమైంది. మిసిసిపిలో ముక్కే చెడిపోయి ఉంది, కాగితం మాత్రం బాగుందంది. మూడింటిలో ఏది లోపించినా విమానం నమ్మకం కోల్పోయినట్టే.

రేపు మీరు ఏ పనిలో ఉన్నా, రేషన్ రిజిస్టరులో గానీ, ఆసుపత్రి మందుల పుస్తకంలో గానీ, మోటారు బిగించిన రసీదు మీద గానీ సంతకం పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. ఆ సంతకాన్ని నమ్మి ఎవరో ఎక్కడో ప్రయాణం చేస్తారు. వాళ్లు మనల్ని ఎప్పుడూ చూసి ఉండరు.

ఆలోచించండి - స్టడీ అవర్‌లో చర్చించండి

1. విమాన భాగాల ఆయుష్షును లెక్కించే మూడు పద్ధతులు ఏవి? సైకిల్‌లో ఒక్కో దానికి ఒక్కో ఉదాహరణ చెప్పండి.

2. ఒక యంత్రానికి 50 భాగాలు కావాలి. ఒక్కొక్కటి 99 శాతం సార్లు దొరుకుతుంది. అన్నీ ఒకేసారి దొరికే అవకాశం ఎంత? (జవాబు: సుమారు 0.6)

3. లాగ్ కార్డు పోయిన కొత్త భాగాన్ని ఎందుకు వాడకూడదు?

4. 1991, 2014, 2022 సంవత్సరాల్లో జరిగిన సంఘటనలు మన ఏఎన్-32 విమానాల మీద ఎలా ప్రభావం చూపాయి?

5. మన హాస్టల్లో మోటారు, ఫ్యాన్లు, గ్యాస్ స్టవ్‌లకు ఒక్కోదానికి ఒక లాగ్ కార్డు తయారుచేయండి. ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు బాగుచేశారు, ఏం మార్చారు, ఎవరు చేశారు, అన్నీ రాయండి. వచ్చే వార్షికోత్సవానికి మేం వచ్చినప్పుడు ముందుగా అదే అడిగి చూస్తాం.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థి మిత్రులం